మందు మారుతోంది, గుంపు మారడం లేదు: గుంటూరు మిర్చి, పత్తి చేలల్లో పిచికారీ ఎందుకు విఫలమవుతోంది

గుంటూరు, పల్నాడు జిల్లాల్లో మిర్చి వేసిన రైతు నాటు వేసిన కొద్దిరోజులకే పంపు భుజానికెత్తుకుంటాడు. చివరి కోత దాకా దించడు. మామూలు సంవత్సరంలో వారం పది రోజులకొకసారి, పురుగు ఉధృతంగా ఉన్న ఏడాది అంతకంటే దగ్గర దగ్గరగా పిచికారీ సాగుతుంది. ఎకరం పెట్టుబడిలో కోత కూలీల తర్వాత పెద్ద ఖర్చుల్లో పురుగుమందు ఒకటి. ఇంత ఖర్చు పెట్టాక కూడా ప్రతి సీజన్‌లో వినిపించే ఫిర్యాదు ఒక్కటే: మందు పనిచేయడం లేదు. దీనికి దుకాణంలో దొరికే జవాబు ఇంకా ఘాటైన మందు, ఇంకా ఖరీదైన మందు, లేదా రెండు మూడు కలిపి కొట్టడం. ఎందుకు పనిచేయలేదన్న ప్రశ్న మాత్రం అక్కడ ఎవరూ అడగరు. నకిలీ మందుల బెడద నిజమే గానీ, చాలా సందర్భాల్లో డబ్బాలోని రసాయనంలో లోపం ఉండదు. పురుగును సరిగా పోల్చుకోకపోవడం వల్లనో, మందు పురుగు దాకా చేరకపోవడం వల్లనో, చేరినా దాన్ని తట్టుకునే పురుగులే చేలో మిగిలి ఉండటం వల్లనో పిచికారీ వృథా అవుతుంది. మొదటి రెండు పొరపాట్లు పదేపదే జరిగిన చోట మూడోది త్వరగా వచ్చి కూర్చుంటుంది. ఆ మూడోది ఒక్క చేనుతో ఆగదు, ఊరంతటికీ పాకుతుంది. ఎందుకంటే రైతు మార్చేది మందు పేరునే, పురుగు మీద ఒకే తీరుగా పనిచేసే మందుల గుంపును కాదు.

ఈ ప్రాంతం ఇలాంటి నష్టాన్ని ఇంతకుముందే చూసింది. 1980 దశకం తొలినాళ్ళలో సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే కొత్త రకం పురుగుమందులు పత్తి చేలల్లోకి వచ్చినప్పుడు అవి నిజంగానే గొప్పగా పనిచేశాయి. కొద్దిపాటి మోతాదుకే కాయతొలుచు పురుగులు రాలిపోవడంతో గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు వేరే మందు ఊసెత్తకుండా సీజన్ పొడవునా వాటినే కొట్టారు. ఆ దశాబ్దం మధ్యకు వచ్చేసరికి తెల్లదోమ విరుచుకుపడింది, ఎందుకంటే దాన్ని అదుపులో ఉంచే మిత్రపురుగులను ఆ మందులే తుడిచిపెట్టాయి. 1987-88 సీజన్‌లో శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్లకు లొంగకుండా పోయి పత్తిని ఊడ్చేసింది, ఈ జిల్లాల్లో రైతుల ఆత్మహత్యలకు దారితీసింది. తర్వాతి పరీక్షల్లో ఆ పురుగుకు పైరిత్రాయిడ్లను తట్టుకునే శక్తి ఎన్నో రెట్లు పెరిగినట్టు తేలింది. ఒక మంచి మందు శక్తి పదేళ్ళు తిరక్కుండానే అయిపోయింది, దాని ఖరీదును రైతే చెల్లించాడు.

2021లో మిర్చి వంతు వచ్చింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన కొత్త తామర పురుగు త్రిప్స్ పార్విస్పినస్ మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద నమోదైంది. ఆరేళ్ళ తర్వాత అదే పురుగు తెలుగు రాష్ట్రాల మిర్చి తోటల మీద పడింది. రైతులు నల్ల తామర పురుగు అని పిలిచే ఈ పురుగు పాత తామర పురుగులా లేత ఆకులతో సరిపెట్టుకోకుండా పూల లోపల గుంపులు గుంపులుగా చేరి పూతంతా రాల్చేసింది. పూత రాలితే కాయ లేదు, కాయ లేకపోతే అప్పటిదాకా పెట్టిన పెట్టుబడి మొత్తం పోయినట్టే. భయంతో రైతులు రెండు మూడు రోజులకొకసారి, దొరికిన మందునల్లా కలిపి కొట్టారు. చాలామంది చివరికి తోటలు పీకేశారు. ఎక్కువసార్లు కొట్టిన చేలల్లో పురుగు తగ్గకపోగా పెరిగిన సందర్భాలు ఉన్నాయి. పైరిత్రాయిడ్ల వంటి విస్తృత ప్రభావం గల మందులు పదేపదే కొట్టవద్దని శాస్త్రవేత్తలు హెచ్చరించడానికి కారణం అదే.

మందు విఫలమయ్యే మొదటి చోటు చేనులో కాదు, దుకాణం ముందు ఉంటుంది. ముడుచుకున్న రెండు మిర్చి ఆకులను ప్లాస్టిక్ కవరులో వేసుకుని రైతు గుంటూరు వస్తాడు. దుకాణదారు ఆకు చూసి ముడత అని చెప్పి మందు కట్టిస్తాడు. ఆ ఆకును ఇంకొంచెం నిదానంగా చూడాల్సిన అవసరం ఉంది. ఆకు అంచులు పైకి లేచి దొప్పలా, పడవలా ముడుచుకుని, అడుగున వెండిరంగు చారలు, ఇటుక రంగు మచ్చలు కనిపిస్తే అది పైముడత, అంటే తామర పురుగు పని. అంచులు కిందికి వంగి, ఆకు తిరగేసిన పడవలా మారి, కాడ సాగి, ముదురు ఆకుపచ్చగా గరుకుగా కనిపిస్తే అది కింది ముడత, అంటే తెల్లనల్లి పని. ఆకులు చిన్నవై గుత్తులుగా మారి, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారిపోతే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ కావచ్చు. ఈ మూడింటికీ ఊళ్ళో ఒకే పేరు, ముడత. కానీ నల్లి కీటకం కాదు, ఎనిమిది కాళ్ళ జీవి. ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్ లాంటి నియోనికోటినాయిడ్ రకం పురుగుమందులు దాన్ని ఏమీ చేయవు. నల్లి మీద వాటిని కొట్టడం వల్ల జరిగేది దాన్ని తినే మిత్రపురుగులు చావడం, నల్లి ఇంకా పెరగడం. వైరస్ సోకిన మొక్కకైతే ఏ పురుగుమందూ పనిచేయదు. అది పీకేయాల్సిన మొక్క. జేబులో చిన్న భూతద్దం ఉంటే, ఆకు అడుగున సన్నగా, గోధుమ లేదా నలుపు రంగులో చురుగ్గా కదిలే గీతలాంటి పురుగు కనిపించిందా, కంటికి ఆనని తెల్లటి చుక్కలు నెమ్మదిగా పాకుతున్నాయా అన్నది చేలోనే తేలిపోతుంది. వేల రూపాయల మందు ఖర్చును నిర్ణయించే పరీక్ష ఇది. దీన్ని దుకాణదారుకు వదిలేయడం అంటే నిర్ణయాన్ని అమ్మేవాడి చేతిలో పెట్టడమే.

తామర పురుగు జీవితాన్ని గమనిస్తే ఒక్క పిచికారీతో అది ఎందుకు పోదో అర్థమవుతుంది. గుడ్డును ఆకు కణజాలం లోపల పెడుతుంది, అక్కడికి పైపైన పనిచేసే మందు చేరదు. పిల్ల పురుగులు రెండు దశల్లో ఆకునూ పూతనూ గీకి రసం పీలుస్తాయి. తర్వాత రెండు కోశస్థ (ప్యూపా) దశలు చాలావరకు మొక్క కింద మట్టిలో, రాలిన ఆకుల్లో గడుస్తాయి, అక్కడికీ మందు చేరదు. పెద్ద పురుగు మళ్ళీ చిగుళ్ళలోకో పూలలోకో వస్తుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా వెచ్చని వాతావరణంలో రెండు మూడు వారాలు చాలు. కాబట్టి ఏ రోజు కొట్టినా చేలో ఉన్న పురుగులో ఒక భాగం మందుకు అందని చోటే ఉంటుంది. నాలుగో రోజుకు మళ్ళీ పురుగు కనిపిస్తే అది మందు విఫలమైందనడానికి రుజువు కాదు. గుడ్లలోంచి, మట్టిలోంచి కొత్తగా వచ్చినవి కావచ్చు.

ఈ పురుగులో ఇంకొక ప్రమాదకరమైన లక్షణం ఉంది. తామర పురుగుల్లో ఫలదీకరణ చెందని గుడ్ల నుంచి మగవి పుడతాయి, వాటిలో ప్రతి జన్యువుకూ తల్లి నుంచి వచ్చిన ఒక్క ప్రతే ఉంటుంది, జోడీ ఉండదు. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ జన్యువులు పొందే జీవుల్లో మందును తట్టుకునే జన్యువు బలహీనమైనదైతే దాని జోడీ వెనుక దాగి ఉండిపోవచ్చు. మగ తామర పురుగులో దాగే వీలు లేదు. తట్టుకునే జన్యువు ఉంటే అది వెంటనే బయటపడుతుంది, మందు కొట్టిన రోజే అలాంటి మగవి బతికి మిగతావి చస్తాయి, మిగిలినవే తర్వాతి తరానికి తండ్రులవుతాయి. తరం చిన్నది, ఎంపిక వేగమైనది. ఒకే రకం మందును నెల రోజుల్లో నాలుగుసార్లు కొడితే అది తట్టుకునే పురుగులను ఏరి పెంచడమే అవుతుంది. పురుగు మందుకు అలవాటు పడిందని ఊళ్ళో అంటారు గానీ ఏ ఒక్క పురుగూ అలవాటు పడదు. తట్టుకోలేనివి చచ్చి, తట్టుకునేవి సంతానం కంటాయి.

తట్టుకునే తీరు కూడా రకరకాలుగా ఉంటుంది. కొన్ని పురుగుల శరీరంలో విషాన్ని విడగొట్టే ఎంజైములు ఎక్కువగా తయారవుతాయి. కొన్నింటిలో మందు పట్టుకునే చోటే మారిపోతుంది. పైరిత్రాయిడ్లు నరాల్లోని సోడియం ద్వారాల మీద పనిచేస్తాయి. ఆ ద్వారం నిర్మాణంలో చిన్న మార్పు వస్తే ఒక్క పైరిత్రాయిడ్‌తో పోదు, ఆ గుంపులో ఉన్న సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లామ్డా సైహాలోథ్రిన్ అన్నీ ఒక్కసారే బలహీనపడతాయి. మందులను పనిచేసే తీరును బట్టి గుంపులుగా విడదీసి సంఖ్యలు ఇచ్చిన అంతర్జాతీయ వర్గీకరణ ఉంది. దాన్ని నిర్వహించే ఐరాక్ సంస్థ 1984లో ఏర్పడింది. ఆర్గానోఫాస్ఫేట్లు ఒకటో గుంపులో, పైరిత్రాయిడ్లు మూడో గుంపులో, నియోనికోటినాయిడ్లు నాలుగో గుంపులో, స్పైనోసాడ్, స్పైనటోరమ్ అయిదో గుంపులో, ఎమామెక్టిన్, అబామెక్టిన్ ఆరో గుంపులో, క్లోరాంట్రానిలిప్రోల్, సయాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండయమైడ్ ఇరవై ఎనిమిదో గుంపులో ఉంటాయి.

రైతు చేసే మార్పిడి ఈ లెక్కకు ఎక్కడా తగలదు. అతను మార్చేది డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న వ్యాపార నామాన్ని. పోయిన వారం కొట్టినది ఇమిడాక్లోప్రిడ్, ఈ వారం ఎసిటామిప్రిడ్, వచ్చే వారం థయామెథాక్సామ్ అయితే పేర్లు మూడు, కంపెనీలు మూడు, ధరలు మూడు, కానీ పురుగు శరీరంలో అవి వెళ్ళి తగిలే చోటు ఒక్కటే. అది మార్పిడి కాదు, మూడుసార్లు ఒకే దెబ్బ. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు రసాయనం పేరు, షాపుల్లో టెక్నికల్ అనే పేరు, చదివే అలవాటు రైతుకు వస్తే తప్ప మార్పిడి సలహా అంతా కాగితం మీదే ఉంటుంది. చదువు రాని రైతు కూడా తెలుసుకునేలా గుంపు సంఖ్యను డబ్బా మీద పెద్దగా, కొట్టొచ్చినట్టు ముద్రించడం అన్నిటికంటే తేలికైన, చౌకైన సంస్కరణ. ఇప్పుడు డబ్బా మీద ఉన్న ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు మనిషికి ఎంత విషమో చెబుతాయి. పురుగులో ఎక్కడ పనిచేస్తుందో వాటిని బట్టి తెలియదు.

పత్తిలో ఈ పొరపాటు విత్తనంతోనే మొదలవుతుంది. కాయతొలుచు పురుగులను చంపే జన్యువు చేర్చిన బీటీ పత్తి హైబ్రిడ్ విత్తనాలు చాలావరకు ఇమిడాక్లోప్రిడ్ వంటి మందుతో శుద్ధి చేసి, రంగు పూసి ప్యాకెట్లో వస్తాయి. ఆ మందు మొలకలోకి ఎక్కి తొలి నెల దాకా రసం పీల్చే పురుగుల నుంచి కాపాడుతుంది. దాని ప్రభావం తగ్గి పచ్చదోమ కనిపించగానే రైతు చేసే మొదటి పిచికారీ కూడా ఎక్కువగా అదే నాలుగో గుంపు మందు. అప్పటికే ఒక తరం పురుగు ఆ గుంపు మందు రుచి చూసి, తట్టుకున్నవి మిగిలి ఉంటాయి. శుద్ధి చేసిన విత్తనం వాడిన చేలో మొదటి పిచికారీకి ఫ్లోనికామిడ్ లాంటి వేరే గుంపు మందునో వేప మందునో ఎంచుకోవడం ముందస్తు జాగ్రత్త. మార్పిడికి కూడా ఒక పద్ధతి ఉంది. ప్రతి పిచికారీకీ గుంపు మార్చడం కంటే, పురుగు ఒక తరం పూర్తయ్యే కాలానికి ఒక గుంపు, తర్వాతి తరానికి వేరే గుంపు అన్న లెక్క మేలు. ఒక తరంలో మిగిలిన పురుగుల సంతానానికి అదే గుంపు మందు మళ్ళీ తగలకుండా చూడటమే ఇందులోని కిటుకు.

మందులు కలిపి కొట్టడం మీద రైతుల్లో నమ్మకం బలంగా ఉంది. తైవాన్ స్ప్రేయర్ డ్రమ్ములో రెండు పురుగుమందులు, ఒక తెగులు మందు, ఒక సూక్ష్మపోషకాల ప్యాకెట్టు, ఒక పెరుగుదల టానిక్కు కలిసిపోతాయి. కూలి ఖర్చు మిగులుతుందన్నది ఇందులోని వాస్తవమైన కారణం, దాన్ని తోసిపుచ్చలేం. కానీ ఏది పనిచేసిందో, ఏది చేయలేదో తెలుసుకునే దారి ఈ కలగాపులగంతో మూసుకుపోతుంది. అవసరం లేని రెండో మందు కూడా పురుగు మీద ఎంపిక ఒత్తిడి పెడుతూనే ఉంటుంది. కలిపిన మందుల్లో కొన్ని విరిగి గడ్డలు కట్టి నాజిల్ మూసేస్తాయి. తప్పదనుకుంటే ముందు ఒక గాజు సీసాలో అదే నీటిలో, అదే నిష్పత్తిలో కలిపి అరగంట చూసి, అడుగున పేరుకోకుండా, పైన తెట్టు కట్టకుండా ఉంటేనే డ్రమ్ములో కలపాలి. పొడి మందులు ముందు, ద్రవ మందులు తర్వాత, నూనె కలిసిన మందులు చివర అన్న క్రమం కూడా పాటించాలి.

బయో పేరుతో అమ్ముడయ్యే సీసాలది ఇంకా పెద్ద చిక్కు. లేబుల్ మీద ఏ రసాయనం పేరూ లేకుండా, కొట్టిన మర్నాడే పురుగు రాలిపోయే మందు నిజమైన జీవ మందు అయ్యే అవకాశం తక్కువ. అందులో చెప్పని పురుగుమందు ఉంటే రైతు ఏ గుంపు కొడుతున్నాడో అతనికే తెలియదు, మార్పిడి ప్రణాళిక మొత్తం తారుమారవుతుంది. పైగా కాయలో అవశేషం తేలినప్పుడు, ఆ మందు నేను కొట్టలేదని రైతు నిజాయితీగానే చెబుతాడు. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం నమోదు కాని పురుగుమందు అమ్మడం నేరం. 2021లో బయోస్టిమ్యులెంట్లను, అంటే పైరు పెరుగుదలను ప్రేరేపించే ఉత్పత్తులను, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు. తనిఖీలు సీజన్ మొదట్లోనే, దుకాణాల్లో సరుకు దిగే సమయంలోనే జరిగితే ఈ నిబంధనలు రైతుకు ఉపయోగపడతాయి, పంట పోయాక నమూనాలు తీస్తే కాదు.

ఇక పంపు దగ్గరికి వద్దాం. సరైన మందు కొన్న రైతు కూడా సగం శక్తిని పోగొట్టుకునేది ఇక్కడే. క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం మందును పత్తి కాయతొలుచు పురుగులకు ఎకరాకు 60 మిల్లీలీటర్లు సిఫారసు చేస్తారు. ఎకరాకు 200 లీటర్ల నీరు పడుతుందన్న అంచనాతో దాన్ని లీటరుకు 0.3 మిల్లీలీటర్లుగా చెబుతారు. 16 లీటర్ల బ్యాటరీ పంపుతో ఎకరాకు పన్నెండు ట్యాంకులు పైచిలుకు కొడితే, ట్యాంకుకు సుమారు 5 మిల్లీలీటర్ల చొప్పున లెక్క సరిపోతుంది. అదే రైతు కూలికి తొందరపడి ఏడు ట్యాంకులతో ఎకరం ముగిస్తే, ట్యాంకుకు అదే 5 మిల్లీలీటర్లు పోస్తే, చేనుకు పడింది 35 మిల్లీలీటర్లు మాత్రమే. పురుగుకు చావుకు తక్కువ, తట్టుకునేవాటి ఎంపికకు సరిపడా మోతాదు అందినట్టు. పవర్ స్ప్రేయర్‌తో నీరు తక్కువ పట్టినప్పుడు కూడా ఎకరా మోతాదు తగ్గకూడదు, ట్యాంకుకు పోసే మందు పెరగాలి. డబ్బా మూతతో కొలిచి పోయడం మరో తప్పు. మూతల పరిమాణం కంపెనీ కంపెనీకీ మారుతుంది. మందుతో పాటు ఒక కొలత గ్లాసు, ఒక చిన్న సిరంజి ఇంట్లో ఉంచుకోవడం ఎవరికైనా సాధ్యమయ్యే పని. ఎన్ని ట్యాంకులు పడతాయో ముందే తెలుసుకోవాలంటే ఒట్టి నీళ్ళతో పది సెంట్లు కొట్టి చూసుకుంటే చాలు.

నాజిల్ గురించి ఎవరూ ఆలోచించరు, పని ఆగిపోతే తప్ప. కలుపుమందుకు వాడే చదునైన ధార నాజిల్‌తోనే పురుగుమందూ కొట్టేయడం మామూలు. పురుగుమందుకు శంకువు ఆకారంలో పొగమంచులా చిమ్మే నాజిల్ కావాలి. చుక్క వ్యాసం సగానికి తగ్గితే అదే నీటి నుంచి ఎనిమిది రెట్ల చుక్కలు వస్తాయి: 400 మైక్రాన్ల ఒక పెద్ద చుక్కలోని మందుతో 200 మైక్రాన్ల చుక్కలు ఎనిమిది తయారవుతాయి. పెద్ద చుక్కలు ఆకు పైభాగాన్ని తడిపి అంచుల నుంచి నేలకు జారిపోతాయి. తామర పురుగు, నల్లి ఉండేది ఆకు అడుగున, చిగురు మడతల్లో. ఆకుల నుంచి నీళ్ళు కారేదాకా కొడితేనే బాగా కొట్టినట్టు అన్న భావన వల్ల మట్టికి పడే మందు మొక్కకు పడేదానికి ఏమీ తీసిపోదు. చాలాకాలం వాడిన నాజిల్ రంధ్రం అరిగి పెద్దదవుతుంది. నిమిషంలో ఎంత నీరు వస్తోందో మగ్గుతో పట్టి, కొత్త నాజిల్ కంటే పదో వంతు ఎక్కువ వస్తుంటే దాన్ని మార్చేయాలి. నాజిల్ ఖరీదు ఒక్క పిచికారీలో వృథా అయ్యే మందు ఖరీదుకు ఏ మాత్రం సాటిరాదు.

నీటి గుణం కూడా లెక్కలోకి రావాలి. పల్నాడు వైపు బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా, సున్నపు లవణాలు ఎక్కువై గడుసుగా ఉంటాయి. క్షారగుణం ఎక్కువ ఉన్న నీటిలో ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులు త్వరగా విడిపోయి బలం కోల్పోతాయి. గడుసు నీటిలో నూనె ఆధారిత మందులు పాలలా కలవకుండా విరిగిపోతాయి. సాగర్ కాలువ నీరు దొరికే చోట పిచికారీకి అదే వాడటం, దొరకని చోట మందు కలిపిన వెంటనే కొట్టేయడం, సాయంత్రం మిగిలిన ద్రావణాన్ని మర్నాటికి దాచకపోవడం తప్పనిసరి.

ఇంత జాగ్రత్తగా కొట్టిన మందైనా అవసరమైనప్పుడే కొట్టాలి. పురుగు కనిపించింది కాబట్టి కొట్టడం వేరు, నష్టం చేసే స్థాయికి చేరింది కాబట్టి కొట్టడం వేరు. పత్తిలో గులాబీరంగు పురుగుకు ఈ తేడా చాలా స్పష్టం. ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించే లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు, రాత్రికి ఎనిమిది చొప్పున మగ రెక్కల పురుగులు పడినప్పుడే చర్య తీసుకోవాలన్నది సిఫారసు. లేదా చేలో అక్కడక్కడా ఇరవై పచ్చి కాయలు కోసి, పగలగొట్టి చూసి, రెండింటిలో పురుగు ఉంటే పది శాతానికి చేరినట్టు. గులాబీరంగు పురుగు పిల్ల గుడ్డులోంచి వచ్చిన కొద్దిసేపటికే కాయలోకి దూరిపోతుంది, దూరిన రంధ్రం కూడా పూడిపోతుంది. ఆ తర్వాత కాయ మీద ఎంత మందు పడినా లోపలి పురుగుకు ఏమీ కాదు. కాబట్టి బుట్టలో పడిన పురుగుల లెక్కే సరైన సమయాన్ని చెబుతుంది. కాయలు గుడ్డికాయలై విచ్చుకోవడం చూశాక చేసే పిచికారీ ఆలస్యమైన పిచికారీ.

ఆ స్థాయికి చేరకముందు చేలో పనిచేసే సైన్యం ఒకటి ఉంది. అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్ళు, పూలలో తామర పురుగులను పట్టి తినే సన్నని ఓరియస్ పురుగులు, పురుగుల గుడ్లలో తమ గుడ్లు పెట్టే ట్రైకోగ్రామా వంటివన్నీ కూలి అడగకుండా పనిచేస్తాయి. సీజన్ మొదట్లో పైరిత్రాయిడ్లు, మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటివి కొడితే ముందు చచ్చేవి ఇవే, ఎందుకంటే ఇవి ఆకుల మీద తిరుగుతూ వేటాడతాయి, పురుగులా మడతల్లో దాక్కోవు. మిత్రపురుగులు మళ్ళీ పెరగడానికి పట్టే కాలం పురుగు పెరిగే కాలం కంటే ఎక్కువ. నాటిన తొలి నెలన్నర రోజులు విస్తృత ప్రభావం గల మందులకు దూరంగా ఉండగలిగితే తర్వాత చేయాల్సిన పిచికారీలు తగ్గుతాయి. చేను చుట్టూ రెండు మూడు వరుసల జొన్న లేదా మొక్కజొన్న, పైరు ఎత్తున నీలి, పసుపు జిగురు అట్టలు, యూరియా తగ్గించి వేయడం కూడా మందు బాధ్యతను తగ్గించే పనులే. అతిగా నత్రజని వేసిన చేలో మెత్తని చిగుళ్ళు దండిగా వస్తాయి, రసం పీల్చే పురుగు అక్కడికే వస్తుంది.

వేప మందులు, బవేరియా వంటి శిలీంధ్రపు మందులు పనిచేయవన్న మాట తరచు వినిపిస్తుంది. వాటిని రసాయనపు మందులా వాడితే నిజంగానే పనిచేయవు. వేపలోని అజాడిరక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోతుంది, పురుగును అక్కడికక్కడే చంపదు, తినకుండా, ఎదగకుండా చేస్తుంది. వంద లీటర్ల నీటికి అయిదు కిలోల గింజపప్పు పొడితో చేసిన కషాయాన్ని సాయంత్రం, పురుగు చిన్నదిగా ఉన్నప్పుడు కొడితేనే ఫలితం. బవేరియా బీజాలు మొలకెత్తి పురుగు చర్మంలోకి చొచ్చుకుపోవడానికి తేమ కావాలి. కృష్ణా తీరంలో కార్తీక, మార్గశిర మాసాల మంచు దానికి అనువైనది, ఏప్రిల్ ఎండ కాదు. దానితో పాటే తెగులు మందు కలిపితే ఆ శిలీంధ్రమే చస్తుంది. పనిచేసే సమయం తెలిసి వాడితే ఇవి రసాయన గుంపుల మధ్య విరామం ఇచ్చి వాటి ఆయువు పెంచుతాయి.

ధర విషయం కూడా చూడాలి. క్లోరాంట్రానిలిప్రోల్ పేటెంట్ గడువు 2022 ఆగస్టులో ముగిసింది. ఎన్నో కంపెనీలు తయారీలోకి దిగడంతో ధర తగ్గింది. ఒక్క రైతు కోణంలో ఇది మంచిదే. కానీ చవకైన కొద్దీ అవసరం లేని చోట కూడా కొట్టడం పెరుగుతుంది, వరిలో, మొక్కజొన్నలో, కూరగాయల్లో, పత్తిలో ఒకే ఇరవై ఎనిమిదో గుంపు ఏడాదంతా తిరుగుతుంది. పైరిత్రాయిడ్ల కథ మొదలైంది కూడా అవి బాగా పనిచేసి, అందరికీ అందుబాటులోకి వచ్చినప్పుడే.

మిర్చికి ఇంకో లెక్క ఉంది, అది మార్కెట్ యార్డులో తేలుతుంది. పచ్చికాయ ఎండేటప్పుడు నీరు పోతుంది, కాయ మీది మందు అవశేషం అంతగా పోదు, కాబట్టి కిలో ఎండుమిర్చిలో దాని గాఢత పెరుగుతుంది. మిర్చిని మూడు నాలుగు కోతలు కోస్తారు, కోత కోతకూ మధ్య మందు కొడతారు. లేబుల్ మీద రాసి ఉండే చివరి పిచికారీకీ కోతకూ మధ్య విరామం ఆ ఒత్తిడిలో మరుగునపడుతుంది. ఐరోపా, జపాన్ లాంటి దేశాల కొనుగోలుదారులు అవశేష పరిమితుల విషయంలో రాజీపడరు. తిరస్కరణకు గురైన సరుకు దేశీయ మార్కెట్‌కు వస్తుంది, అంటే మన ఇళ్ళకే. మందు పనితనం, అవశేషం రెండూ ఒకే చోట కలుస్తాయి: తక్కువసార్లు, సరైన చోట కొట్టిన మందు ఈ రెండు సమస్యలనూ తగ్గిస్తుంది.

కొట్టే మనిషి సంగతి కూడా పనితనంలో భాగమే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ఎత్తుగా ఎదిగిన పత్తిలో మందు కొట్టిన రైతులు, కూలీలు ఇరవైమంది దాకా ప్రాణాలు కోల్పోయారు. మనిషి తలకంటే ఎత్తు పెరిగిన పైరులో గాలికి ఎదురుగా, మాస్కు, చేతితొడుగులు లేకుండా కొట్టే మందు ఆకు అడుగుకు కాకుండా మనిషి ఊపిరితిత్తులకు చేరుతుంది. డ్రోన్లు ఈ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తాయి. కానీ ఎకరాకు పది లీటర్ల దరిదాపు నీటితో పై నుంచి పడే చుక్క గుబురుగా ఎదిగిన మిర్చిలో ఆకు అడుగుకు, పూల లోపలికి చేరడం కష్టం. మొక్కలో ప్రవహించే అంతర్వాహిక మందులకు, వరి పైరుకు అవి తగినట్టుగా తామర పురుగు మీద కొట్టే, ఒంటికి తగిలితేనే చంపే స్పర్శ మందులకు తగవు.

వీటిలో చాలా పనులు ఒక్క రైతు తన చేలో చేసుకోగలడు, ఒక్కటి మాత్రం చేయలేడు. తామర పురుగు, తెల్లదోమ, గులాబీరంగు రెక్కల పురుగు గట్టు దాటి పోతాయి. ఒక రైతు గుంపులు మార్చి జాగ్రత్తగా కొట్టినా, పక్క చేలో ఒకే మందుతో ఏరబడిన పురుగులు అతని చేలోకి వస్తాయి. బీటీ పత్తి విషయంలో జరిగింది ఇదే. 2006లో వచ్చిన రెండో తరం బీటీకి గులాబీరంగు పురుగు దశాబ్దం లోపే లొంగకుండా పోయింది. బీటీకి లొంగే పురుగులు మిగిలి ఉండేందుకు చేను చుట్టూ వేయమని ఇచ్చిన బీటీ కాని విత్తనాల ప్యాకెట్లను చాలామంది వేయలేదు, పత్తిని మరో కోత కోసం వేసవి దాకా ఉంచారు, పురుగుకు ఏడాది పొడవునా తిండి దొరికింది. అందుకే పత్తి కట్టెను జనవరికల్లా తీసేయడం, జిన్నింగు మిల్లుల్లో విత్తనం నిల్వ ఉన్న చోట లింగాకర్షక బుట్టలు పెట్టడం చేలో కొట్టే మందు కంటే ముందు చేయాల్సిన పనులు.

మిర్చిలోనూ ధర బాగున్న ఏడాది తోటను ఏప్రిల్, మే దాకా నీళ్ళు పెట్టి నిలుపుతారు. ఆ ముసలి తోటల్లోని తామర పురుగు సరిగ్గా కొత్త నారుమళ్ళు మొదలయ్యే వేళకు సిద్ధంగా ఉంటుంది, అప్పటికే ఆ ఏడాది కొట్టిన అన్ని గుంపులనూ చూసి మిగిలిన పురుగు అది. షేడ్‌నెట్ నర్సరీల నుంచి కొన్న నారుతోనూ అది చేలోకి రావచ్చు కాబట్టి నారు కొనేటప్పుడు చిగురు విప్పి చూడాలి. ఆఖరి కోత తర్వాత మోళ్ళను తగలబెట్టకుండా పీకేసి, లోతుగా దున్నేయడం, నెలన్నర పాటు ఆ పొలంలో మిర్చి, వంగ, టమాటా లేకుండా చూడటం ఊరంతా ఒకేసారి చేస్తేనే ఫలిస్తుంది. నారు పోయకముందే, అంటే జూన్‌లోపే, రైతు సేవా కేంద్రం సిబ్బంది, ఊరి మందుల దుకాణదారు, రైతులు కూర్చుని ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా ఏ పక్షంలో ఏ గుంపు మందు అన్నది రాసి పెట్టుకోవచ్చు. గుంటూరు దగ్గర లాంలోని వ్యవసాయ, ఉద్యాన పరిశోధన కేంద్రాల శాస్త్రవేత్తల సలహాతో తయారైన అలాంటి పట్టిక దుకాణం గోడ మీద ఉంటే, ఏ నెలకు ఏ సరుకు తెచ్చుకోవాలో దుకాణదారుకు ముందే తెలుస్తుంది, కవరులో ఆకు తెచ్చిన రైతుకు ఆ పక్షం గుంపులోని మందే చేతికి వస్తుంది.